మోట్లీ క్రూ తొలి ఆల్బమ్: లెదర్ ముద్రణా, ఎలెక్ట్రా ముద్రణా?

పాతరికార్డు · శనివారం, రాత్రి 8:40

మోట్లీ క్రూ తొలి ఆల్బమ్ ‘టూ ఫాస్ట్ ఫర్ లవ్’ను నేను ఇరవై ఏళ్లకు పైగా వింటున్నాను. మొదట క్యాసెట్టులో, తరువాత సీడీలో, ఇప్పుడు ఫోనులో. పోయిన ఆదివారం మాత్రం మొదటిసారి దాని తొలి రూపాన్ని, మొదటి పాట నుంచి చివరి పాట దాకా, కుర్చీలోంచి కదలకుండా విన్నాను. అప్పటి నుంచి వేరే ఏదీ వినబుద్ధి కావడం లేదు. మీ అందరి అభిప్రాయం తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివారికి సంగతి చెబుతాను. 1981 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఈ రాక్ బృందం ఏర్పడింది. నికీ సిక్స్ బేస్ గిటారు, టామీ లీ డ్రమ్స్, మిక్ మార్స్ గిటారు, విన్స్ నీల్ గాత్రం. ఆ రోజుల్లో అక్కడి పెద్ద కంపెనీల కన్ను న్యూ వేవ్ బృందాల మీద ఉండేది, వీళ్ల తలుపు తట్టినవారు లేరు. అందుకని లెదర్ రికార్డ్స్ అని సొంతంగా ఒక పేరు పెట్టుకుని, నవంబర్ 10న ఆల్బమ్ విడుదల చేశారు. మొదటి విడత 900 ప్రతులు. డబ్బు సర్దింది అలన్ కాఫ్‌మన్ అనే వాళ్ల మేనేజరు. ఆయన ఉత్తర కాలిఫోర్నియాలోని గ్రాస్ వ్యాలీలో భవన నిర్మాణ కాంట్రాక్టరు. మరుసటి ఏడాది ఎలెక్ట్రా సంస్థ వీళ్లను చేర్చుకుని, ఆల్బమ్‌ను రాయ్ థామస్ బేకర్ అనే నిర్మాత చేత మళ్లీ మిక్స్ చేయించి 1982 ఆగస్టులో తిరిగి విడుదల చేసింది. మనలో చాలామంది పెరిగింది ఆ రెండో దానితోనే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అసలు ఆల్బమ్ లెదర్ ముద్రణే. అందులో గిటారు ఎండు కట్టె విరిచినట్టు పలుకుతుంది. విన్స్ గొంతు పై స్థాయిలో అక్కడక్కడా వణుకుతుంది, ఆ వణుకును ఎవరూ కప్పలేదు. నలుగురు కుర్రవాళ్లు ఇరుకు గదిలో, గంటకు అద్దె కట్టి, గడియారం వైపు చూసుకుంటూ వాయించిన తొందర అంతా వినబడుతుంది. ఆల్బమ్ పేరులో ఉన్న వేగం ఆ తొందరే అని నా నమ్మకం. బేకర్ దాన్ని శుభ్రం చేశాడు. శుభ్రం చేసినప్పుడు తొందర కూడా కొంత పోయింది.

ఇంకొక బాధ ఉంది. ‘స్టిక్ టు యువర్ గన్స్’ అనే పాటను ఎలెక్ట్రా ముద్రణలో తీసేశారు. పట్టు వదలకు అని చెప్పే పాట అది. ఆల్బమ్‌కు ముందు వాళ్లు సొంతంగా తెచ్చిన చిన్న రికార్డులో ఉన్న పాట కూడా అదే. తమ మొదటి అడుగును తమ మొదటి ఆల్బమ్‌లోంచే తీయించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

శబ్దశిల్పి · శనివారం, రాత్రి 9:25

పాతరికార్డు గారూ, మీ ఇష్టాన్ని గౌరవిస్తాను కానీ మీతో ఏకీభవించలేను. పదిహేనేళ్లుగా రికార్డింగ్ పనిలోనే ఉన్నాను. ఆ అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను.

మిక్స్ మారినంత మాత్రాన వాయింపు మారదు. టేపు మీద ఎక్కిన డ్రమ్స్, గిటార్లు, గొంతు అన్నీ అవే. ఏది ముందుకు రావాలి, ఏది వెనక నిలబడాలి, దేని చుట్టూ ఎంత గాలి ఉండాలి అన్నదే మిక్స్ చేసేవాడు తేలుస్తాడు. పెళ్లి ఫొటోలో మనుషులను మార్చకుండా వెలుతురు మార్చడం లాంటిది. మొదటి రూపానికి ఇంజినీరు మైకేల్ వాగెనర్. జర్మనీ నుంచి వచ్చినవాడు, సామాన్యుడు కాదు. 1986లో మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’కు మిక్స్ చేసిందీ, 1989లో స్కిడ్ రో తొలి ఆల్బమ్‌ను నిర్మించిందీ ఆయనే. కానీ అప్పుడు ఆయనకు దొరికిన సమయం, డబ్బు రెండూ తక్కువే.

బేకర్ సంగతి వేరు. క్వీన్ బృందం పాట ‘బొహీమియన్ రాప్సోడీ’లో గొంతు మీద గొంతు పేర్చి గోపురం కట్టిన మనిషి. కార్స్ బృందం తొలి ఆల్బమ్ కూడా ఆయన చేతి మీదుగా వచ్చిందే. ఆయన మిక్స్‌లో బేస్ గిటారుకు ఒళ్లు వచ్చింది, స్నేర్ డ్రమ్ ఛాతీకి తగులుతుంది. నికీ సిక్స్ రాసిన బాణీల్లో ఎంత తీపి దాగి ఉందో నాకు మొదట చూపించింది ఆ మిక్సే. ‘స్టారీ ఐస్’ పల్లవి వినండి. అది అచ్చంగా ఒక పాప్ పాట. లెదర్ ముద్రణలో ఆ తీపి రణగొణ కింద నలిగిపోయింది.

డప్పుదరువు · శనివారం, రాత్రి 9:52

నేను డ్రమ్స్ వాయిస్తాను, అందుకని ఒక్క పాట గురించే మాట్లాడతాను. ‘లైవ్ వైర్’.

పాట మధ్యలో టామీ లీ కౌబెల్ అందుకునే చోటు ఉంది కదా. అంత వేగంలో కుడిచేయి ఆగకుండా ఆ ఇనుప గంట మీద పడుతుంటే ఎడమచేయి స్నేర్ మీద తన లెక్క తాను చూసుకోవాలి. రెండు నెలలు సాధన చేశాను. కొట్టడం తొందరగానే వచ్చింది, కుదురుగా ఉండటం రాలేదు. వేగం పెరిగేకొద్దీ భుజం బిగుసుకుంటుంది. భుజం బిగిస్తే దరువు ముందుకు తూలుతుంది. మా గురువుగారు నా మోచేయి కింద పుస్తకం పెట్టి, అది కింద పడకుండా వాయించమన్నారు. అప్పుడు గాని మణికట్టుతో కొట్టడం అలవాటు కాలేదు.

ఆల్బమ్ వచ్చిన నాటికి టామీ లీకి పందొమ్మిది నిండి నెల దాటింది, అంతే. ఆ వయసులో అలా తూలుతూ కూడా పడిపోకుండా ఉండటమే అతని విద్య. లెదర్ ముద్రణలో ఆ తూలడం స్పష్టంగా తెలుస్తుంది. ఎలెక్ట్రా ముద్రణలో డ్రమ్స్ పెద్దవయ్యాయి, కానీ చేతులు కనిపించవు. నా ఓటు పాతరికార్డు గారికే.

వేపనీడ · శనివారం, రాత్రి 10:10

నాకు మొదటి నుంచీ ఒక అభ్యంతరం ఉంది, అడిగి తేల్చుకుంటాను. నేను అయన్ మెయిడెన్, జూడాస్ ప్రీస్ట్ వింటూ పెరిగినవాణ్ణి. ఈ పెదవి రంగులు, పొగలా లేచిన జుట్టు, ఎత్తు మడమల బూట్లు చూస్తే పాట మీద నమ్మకం కలగదు. మంచి వాయింపు ఉంటే ఇంత వేషం ఎందుకు? ఆ అట్ట మీద బొమ్మ కూడా చూడండి. మొహాలు లేవు, నడుము దగ్గర తోలు ప్యాంటు, అంతే.

సత్రాజితి · శనివారం, రాత్రి 10:48

వేపనీడ గారూ, ఈ ప్రశ్నకు జవాబు మన ఇంట్లోనే ఉంది.

మా నాన్నగారు కూచిపూడి భాగవతులను చూసి పెరిగారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా తెర మీదుగా జడ వేయగానే జనం ఎలా ఊపిరి బిగబట్టేవారో నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. రంగు పూసుకుని, జడ కట్టుకుని నిలబడిన ఆ మగవాణ్ణి చూసి ‘వేషం ఎందుకు, పాట ఉంటే చాలదా’ అని ఎవరూ అడగలేదు. వేషం పాటకు అడ్డు రాదు, పాటను మనిషి ఒంటి మీదికి తెస్తుంది. రంగు వేసుకున్నవాడు తన మామూలు పేరును అద్దం దగ్గర వదిలి రావాలి. అది తేలికైన పని కాదు.

ఈ నలుగురి వేషం కూడా ఊరికే పుట్టుకొచ్చింది కాదు. డెబ్బైలలో న్యూయార్క్ డాల్స్, స్వీట్, టి. రెక్స్, ఆలిస్ కూపర్, కిస్ ఈ దారి వేశారు. వీళ్లు ఆ రంగును తీసుకుని దాని కింద మెటల్ గిటారు పెట్టారు. 1981లో లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ స్ట్రిప్ వీధి క్లబ్బుల్లో అది కొత్త కలయిక. తరువాత రాట్, పాయిజన్ వంటివారు నడిచింది ఆ బాటలోనే.

అట్ట గురించి కూడా ఒక మాట. అది విన్స్ నీల్ నడుము. రోలింగ్ స్టోన్స్ 1971లో తెచ్చిన ‘స్టికీ ఫింగర్స్’ అట్టకు నమస్కారంగా అలా తీశారు. పెద్దవాళ్ల పాదాలకు మొక్కి రంగస్థలం ఎక్కినట్టు.

ఆరుతీగలు · ఆదివారం, ఉదయం 7:30

రాత్రి మీ మాటలన్నీ చదివి పడుకున్నాను. ఒక్కరైనా మిక్ మార్స్ పేరు గట్టిగా ఎత్తలేదని బాధ కలిగింది, అందుకే పొద్దున్నే రాస్తున్నాను.

మిగతా ముగ్గురూ ఇరవై చుట్టుపక్కల ఉన్నవాళ్లు. మిక్‌కు అప్పటికే ముప్పై. ఎన్నో బృందాలు మారి, ఏదీ కలిసిరాక, ‘ద రీసైక్లర్’ అనే చిన్న ప్రకటనల పత్రికలో తాను గట్టిగా, మోటుగా, దూకుడుగా వాయించే గిటారిస్టునని ప్రకటన వేయించుకున్నాడు. నికీ, టామీ అది చూసి పిలిచారు. పదకొండేళ్లు చిన్నవాడైన డ్రమ్మరుతో కలిసి, ముప్పై ఏళ్ల మనిషి మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడటం ఎంత కష్టమో ఆలోచించండి. అందులోనూ వెన్నుపూసలు మెల్లగా ఒకదానికొకటి అతుక్కుపోయే వ్యాధి అతనికి చిన్న వయసు నుంచే ఉంది. ఆ వ్యాధితోనే నలభై ఏళ్లు ఆ బృందంతో ఊళ్లు తిరిగి, 2022లో పర్యటనలు మానుకున్నాడు.

బృందానికి పేరు సూచించింది కూడా అతనే. పాత బృందంలో ఉన్నప్పుడు ఎవరో తమను చూసి రకరకాల మనుషుల గుంపు (ఇంగ్లీషులో ‘మోట్లీ క్రూ’) అన్న మాట అతని మనసులో ఉండిపోయింది. ఇంగ్లీషులో ఆ పేరు రాసేటప్పుడు కొన్ని అక్షరాల నెత్తిన పెట్టే రెండేసి చుక్కలు మాత్రం అప్పుడు వాళ్లు తాగుతున్న లోవెన్‌బ్రాయ్ అనే జర్మన్ బీరు సీసా నుంచి వచ్చాయి.

ఇక మిక్స్ సంగతి. ‘టేక్ మీ టు ద టాప్’లో గిటారు తీగను చేతి అంచుతో నొక్కిపట్టి కొట్టే చోట్లు లెదర్ ముద్రణలో గీరుకున్నట్టు వినిపిస్తాయి. అతని చేయి బరువు అది. నాకు అదే కావాలి.

మిసిమి · ఆదివారం, ఉదయం 9:05

నేను పదేళ్లుగా కాలిఫోర్నియాలో ఉంటున్నాను. సన్‌సెట్ స్ట్రిప్‌లోని విస్కీ అ గోగో క్లబ్బు ముందు నుంచి చాలాసార్లు నడిచి వెళ్లాను. ఇంత చరిత్ర ఇంత చిన్న గుమ్మంలోంచి వచ్చిందా అనిపిస్తుంది. ఆ రోజుల్లో మిక్ మార్స్ తప్ప మిగతా ముగ్గురూ అక్కడికి దగ్గరలోనే ఒక అపార్ట్‌మెంటులో ఉండేవారు. ఎలెక్ట్రాలో పనిచేసిన టామ్ జూటాట్ ఆ క్లబ్బు బయట గుమిగూడిన జనాన్ని చూసే వీళ్లను పట్టుకున్నాడు. తరువాత గన్స్ అండ్ రోజెస్‌ను ఒప్పందానికి తెచ్చింది కూడా ఆయనే.

నేను ఈ ఆల్బమ్‌ను ప్రేమిస్తాను. కానీ ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి అనాలి.

1984 డిసెంబర్ 8న విన్స్ నీల్ మద్యం తాగి కారు నడిపాడు. పక్కన కూర్చున్నది హనోయ్ రాక్స్ డ్రమ్మరు రాజిల్. ప్రమాదంలో రాజిల్ చనిపోయాడు. ఎదుటి కారులో ఉన్న ఇద్దరు తీవ్రంగా గాయపడ్డారు. హనోయ్ రాక్స్ ఫిన్లాండ్ నుంచి వచ్చిన బృందం, ఈ రంగూ హంగూ వాళ్లకూ ప్రాణమే. కొన్ని నెలలకే ఆ బృందం చెదిరిపోయింది. ఇది తెలిసిన తరువాత ‘టూ ఫాస్ట్’ అన్న రెండు మాటలు నాకు మునుపటిలా వినబడటం లేదు. మనం వేగం, తొందర అని మెచ్చుకుంటున్నాం కదా, ఆ పదం పక్కన రాజిల్ పేరు కూడా ఒకసారి రాయాలనిపించింది.

పాటల్లో ఆడవాళ్ల గురించి మాట్లాడే తీరు కూడా నన్ను నొప్పిస్తుంది. ‘పీస్ ఆఫ్ యువర్ యాక్షన్’ వచ్చినప్పుడు నేను మాటలు వదిలేసి గిటారు మాత్రమే వింటాను. అలా వినవలసి రావడం నాకు బాధే.

పాతరికార్డు · ఆదివారం, ఉదయం 9:40

మిసిమి గారూ, ఆ పేరు ఇక్కడ రాసినందుకు కృతజ్ఞతలు. మొదటి టపాలోనే నేను రాయవలసింది. వేగం అన్న మాటను నేను తేలికగా వాడాను.

పాటల మాటల విషయంలో మీతో వాదించను. ఇరవై రెండేళ్ల కుర్రవాడు రాసిన మాటలు, ఆ వయసుకు తెలిసినంతే అందులో ఉంది. ‘మెర్రీ గో రౌండ్’ మాత్రం నాకు వేరుగా అనిపిస్తుంది. మతి చెదిరిన మనిషి గురించి నెమ్మదిగా నడిచే పాట. రెండు ముద్రణల్లోనూ అది నాలుగో పాటగానే ఉంది. దాన్ని ఎవరూ కదపలేదు.

కొత్తచెవి · ఆదివారం, మధ్యాహ్నం 2:15

నమస్కారం. నాకు పందొమ్మిదేళ్లు. టామీ లీ వయసు చదివి ఉలిక్కిపడ్డాను. మీ చర్చ చూసి ఈ ఆల్బమ్ మొదటిసారి విన్నాను, ముందు ఎలెక్ట్రా రూపం, వెంటనే లెదర్ రూపం.

మొదటిది వింటున్నప్పుడు ఎక్కడో వేదిక మీద వాళ్లు, కింద జనంలో నేను. రెండోది వింటున్నప్పుడు పక్క గదిలో వాళ్లు వాయిస్తుంటే మా ఇంటి గోడ అదిరినట్టు ఉంది. రెండూ బాగున్నాయి, తప్పుగా అనుకోకండి.

చివరి పాట ‘ఆన్ విత్ ద షో’ దగ్గర మాత్రం ఆగిపోయాను. మొదటి వాక్యంలోనే ఫ్రాంకీ అనేవాడు చనిపోయాడని ఉంది. ఎవరీ ఫ్రాంకీ? నిజంగా ఎవరైనా చనిపోయారా?

ఆరుతీగలు · ఆదివారం, మధ్యాహ్నం 2:50

కొత్తచెవీ, మంచి చోట ఆగావు. నికీ సిక్స్ పుట్టినప్పుడు పెట్టిన పేరు ఫ్రాంక్ ఫెరానా. తండ్రి పేరే అతనికీ పెట్టారు. అతను పసివాడిగా ఉన్నప్పుడే ఆ తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. పెద్దయ్యాక కొడుకు ఆ పేరును చట్టప్రకారం మార్చుకున్నాడు. పాటలో చనిపోయింది ఆ పాత పేరే. సత్రాజితి గారు రాత్రి అన్నారు చూడు, మామూలు పేరును అద్దం దగ్గర వదిలి రావాలని. ఇక్కడ అతను వదిలేసిన పేరు తండ్రి ఇచ్చినది. అందుకే ఆల్బమ్ మొత్తంలో నాకు కళ్లు చెమర్చే పాట అదొక్కటే.

వేపనీడ · ఆదివారం, సాయంత్రం 5:20

సత్రాజితి గారూ, మీ జవాబు రాత్రి చదివాను. పొద్దున మళ్లీ చదివాను. వేదాంతం వారి ప్రదర్శన మా అమ్మమ్మ కూడా చూశారట. ఇందాక ఫోను చేసి అడిగితే ఆ జడ గురించే పావుగంట మాట్లాడారు. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ఈ రాత్రి ఆల్బమ్ పూర్తిగా వింటాను.

శబ్దశిల్పి · ఆదివారం, రాత్రి 8:05

ఈ రోజు పని లేదు. స్టూడియోలో ఒక్కణ్ణే కూర్చుని రెండు మిక్సులనూ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. రెండింటి శబ్ద స్థాయినీ సమానం చేశాను. ఇది ముఖ్యం, ఎందుకంటే ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందని చెవి మోసపోతుంది. తరువాత కళ్లు మూసుకుని, ఒకదాని నుంచి ఇంకొకదానికి మారుతూ విన్నాను.

‘స్టారీ ఐస్’ విషయంలో నా మాట మీదే ఉన్నాను. బేకర్ మిక్సే మేలు. ‘లైవ్ వైర్’ విషయంలో మాత్రం డప్పుదరువు గారికి తలవంచుతున్నాను. లెదర్ ముద్రణలో ఆ కౌబెల్ చెవి పక్కనే ఉంది, కర్ర తగిలిన చోటు తెలుస్తోంది.

పాటల వరుస కూడా చూడాలి. లెదర్ ముద్రణలో రెండో పాట ‘పబ్లిక్ ఎనిమీ నంబర్ వన్’. ‘కమాన్ అండ్ డాన్స్’ రెండో వైపు మధ్యలో వస్తుంది. ఎలెక్ట్రా ముద్రణలో దాన్ని తెచ్చి ‘లైవ్ వైర్’ వెనకాలే పెట్టారు. దానివల్ల మొదటి వైపు అంతా ఒకటే పరుగు, రెండో వైపు పలచబడింది. నాకు పాత వరుసే నచ్చింది. ఎలెక్ట్రా ముద్రణ అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో 77వ స్థానం దాటలేదు, అమ్మకాలు పది లక్షలకు చేరడానికి ఏళ్లు పట్టింది. అంటే ఆ వరుస మార్పు వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు.

కొత్తచెవి · ఆదివారం, రాత్రి 8:30

సార్, అయితే బేకర్ మిక్సును పాత వరుసలో పేర్చుకుని వినవచ్చా? ‘స్టిక్ టు యువర్ గన్స్’ ఎక్కడ పెట్టాలి?

శబ్దశిల్పి · ఆదివారం, రాత్రి 8:42

నేను ఇప్పుడు చేస్తున్నది అదే. అది రెండో వైపు రెండో పాట. ‘స్టారీ ఐస్’ తరువాత, ‘కమాన్ అండ్ డాన్స్’కు ముందు. బేకర్ దాన్ని ముట్టుకోలేదు కాబట్టి ఆ ఒక్కటీ వాగెనర్ మిక్సులోనే ఉంటుంది. శబ్దం తేడా తెలుస్తుంది. దాన్ని సరిచేయకుండా అలాగే వదిలేశాను.

పాతరికార్డు · ఆదివారం, రాత్రి 9:30

నేనూ మీరు చెప్పిన వరుసలోనే పెట్టుకుని వింటున్నాను. ‘స్టారీ ఐస్’ అయిపోయింది. ఇప్పుడు ‘స్టిక్ టు యువర్ గన్స్’ మొదలైంది, గోడలు ఒక్కసారి దగ్గరకు జరిగాయి.